అయిదో గీత

ఆమె వెళ్లిపోవడానికి ఇంకా అయిదు రోజులున్నాయనగా మా నడిమింటి తలుపు మీద సుద్దముక్కతో అయిదు గీతలు గీసింది. నా బిడ్డను ఒళ్లో కూచోబెట్టుకుని, దాని వేలు పట్టుకుని ఒక్కొక్క గీతనూ తాకించింది.

"దినానికి ఒకటి తుడుస్తవు. అన్ని తుడిచినంక అత్త బస్సెక్కి పోతది. రైలెక్కి పోతది. ఇమానమెక్కి పోతది. మల్ల రాదు. ఎరుకైందా?"

"రాదు," అంది నా బిడ్డ నవ్వుతూ. దానికి అప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఎవరేం చెప్పినా ఆఖరి మాట తిరిగి చెప్పడం దానికి ఆట.

నేను వంటింట్లో బియ్యం ఏరుతున్నాను. చేటతోనే బయటికి వచ్చాను.

"పిల్లతో అటువంటి మాటలు చెప్పవద్దు," అన్నాను.

"ఎందుకు, వదినె? నిజమే గద."

వదినె అనే ఆ పిలుపు వినీ వినీ నాకు ఎనిమిది నెలలుగా ఒళ్లు మండుతూనే ఉంది. అయినా ఆమెను మా ఇంటికి రప్పించింది ఒకరకంగా నేనే.

నా భర్త మంథనిలో బడిపంతులు. హైదరాబాదులో ఆయనకు పాఠం చెప్పిన లెక్చరరు ఒకాయన పోయిన వానాకాలం మొదట్లో ఉత్తరం రాశాడు. జర్మనీ నుంచి ఒకామె తెలుగు చదువుకోవడానికి వచ్చింది, పట్నంలో ఉంటే అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారట, ఒక మంచి కుటుంబంలో పెట్టుకుంటారా అని. మావారు సందేహిస్తుంటే నేనే రమ్మనండి అన్నాను. బి.ఏ. చదివి పెళ్లి చేసుకుని ఈ ఊరికి వచ్చిన నాలుగేళ్లలో నన్ను చదువుకున్నదానిలా చూసి ఏదైనా అడిగినవాళ్లు లేరు. ఆమె వచ్చేలోగా రూళ్ల నోటుబుక్కు కొనిపెట్టుకున్నాను. రోజుకు ఎన్ని మాటలు నేర్పాలో, ఏ పద్యం ఎప్పుడు చెప్పాలో అంతా వరసగా రాసుకున్నాను.

నాలుగు రోజులు నా ఎదురుగా బుద్ధిగా కూచుంది. అయిదో రోజు చాలా మర్యాదగా ఇలా అంది: "మీ తెలుగు నేను మా దేశంలోనే పుస్తకంలో చదివాను. నాకు మీ అత్తగారి తెలుగు కావాలి."

లేచి పెరట్లోకి వెళ్లి, పెసర్లు చెరుగుతున్న అత్తమ్మ ముందు నేల మీద కూచుంది. అంతే. ఆ తర్వాత నా నోటుబుక్కు ఎవరూ తెరవలేదు.

ఇది ఎందుకు అంత గుచ్చుకుందో చెప్పాలి. నేను కరీంనగర్లో పుట్టి పెరిగాను. పట్నంలో కాలేజీ హాస్టలుకు పోయినప్పుడు నా నోటి నుంచి వచ్చిండు, పోయిండు అని రాగానే కోస్తా పిల్లలు మంచాల మీద పడి నవ్వేవారు. ఒకామె నన్ను "గీ పిల్ల" అని పిలిచేది. మూడేళ్లు ఆ మాటలను నోట్లోంచి రుద్ది రుద్ది కడిగేసుకున్నాను. నేను సిగ్గుపడి పారేసుకున్నవాటిని ఏరుకోవడానికి ఒక తెల్లమనిషి సముద్రాలు దాటి వచ్చి, మా పెరట్లో కూచుని, ఒక్కొక్కటి చిన్న కాగితం ముక్క మీద రాసి చెప్పుల డబ్బాలో దాచుకుంటూ ఉంటే నాకు ఎలా ఉంటుంది?

అత్తమ్మకు నలుగురు కొడుకులు, ఒక్క ఆడపిల్ల లేదు. నెల తిరక్కముందే ఆమె అత్తమ్మను "అవ్వా" అనడం మొదలుపెట్టింది. అవ్వ అయ్యాక మావారు అన్న, నేను వదినె, నా బిడ్డకు ఆమె మేనత్త. ఆడబిడ్డకు వదినెను ఆడిపోసుకునే హక్కు ఉంటుందని కూడా అత్తమ్మే నేర్పింది.

"అవ్వా, మా వదినె చేసిన చారు చూసినవా? గోదావరి నీళ్లే నయం, అండ్ల చేపలన్న ఉంటయి," అనేది అన్నం ముందు కూచుని.

అత్తమ్మ కడుపు పట్టుకుని నవ్వేది. మావారు తల వంచుకుని నవ్వేవారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆ మాటలు వినడానికే చల్లకని, నిప్పుకని వచ్చేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. పళ్లు మాత్రం.

ఇవన్నీ ఒక ఎత్తు, బిడ్డ ఒక ఎత్తు. పోయిన భాద్రపదంలో నా బిడ్డకు జ్వరం వచ్చి, చూస్తుండగానే కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నేను బొంత కప్పి గుండెకు అదుముకుని అరుస్తున్నాను. ఆమె నా చేతుల్లోంచి పిల్లను గుంజుకుని, బొంత తీసి అవతల పారేసి, ఒంటి మీది గౌను విప్పి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచింది. పెద్దపల్లి నుంచి వచ్చిన డాక్టరు ఆమె చేసిందే సరైన పని అన్నాడు. "ఇటువంటి పిల్లలకు జ్వరం ఎక్కువ కానియ్యొద్దమ్మా, మళ్లీ మళ్లీ రావచ్చు," అని నాకు చెప్పి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఏ పని చేస్తున్నా మధ్యమధ్య లేచి వచ్చి చెయ్యి వెనక్కి తిప్పి పిల్ల మెడ మీద పెట్టి చూడడం నాకు అలవాటైపోయింది. ఆ రోజు నుంచే పిల్ల కూడా ఆమెను వదిలేది కాదు. నిద్ర లేస్తే అత్త కావాలి. అన్నం అత్త కలపాలి. నా బిడ్డను కాపాడినందుకు ఆమెకు దండం పెట్టాల్సింది. పెట్టలేదు, పెట్టబుద్ధి కాలేదు.

కాబట్టి ఆ గీతలు చూసిన రోజు నాకు కనిపించింది ఒక్కటే. ఈమె పోతుంది. పిల్ల బెంగపడి రంది పెట్టుకుంటుంది. జ్వరం వస్తుంది. ఈసారి గుడ్డ తడిపి తుడవడానికి ఆమె కూడా ఉండదు.

మా దగ్గర పసిపిల్లలున్న ఇంటి నుంచి ఎవరైనా పోవాలంటే ఒక పద్ధతి ఉంది. మొదటిది, పోతున్నానని అనకూడదు. అంగడికి పోయేవాడు కూడా పోయొస్త అంటాడు. రెండోది, పిల్లల కంట్లో పడకుండా పోవాలి. మా అమ్మ వచ్చి పోయేటప్పుడు నేను పిల్లకు బెల్లం ముక్క చేతికిచ్చి పెరట్లోకి తీసుకుపోతాను, అమ్మ ముందు తలుపు నుంచి జారుకుంటుంది. పిల్ల ఒక పూట అడుగుతుంది, మరిచిపోతుంది. నా చిన్నప్పుడు మా అమ్మమ్మను మా అమ్మ అలాగే పంపేది. అందరి ఇళ్లలో జరిగేది అదే.

ఆమెకు ఇదంతా వివరంగా చెప్పాను. ఓపికగా విన్నది.

"వస్త అని చెప్పి రాకపోతె అది అబద్ధం గద, వదినె?"

"అబద్ధం కాదు. అలా అనడం ఆచారం."

"పెద్దోళ్లకు ఆచారం అని ఎరుక. పిల్లకు ఎరుక లేదు. వస్త అంటె వస్త అనే అనుకుంటది. చెప్పకుంట పోతె దేవులాడుతది."

"రెండు రోజులు వెతుక్కుని ఊరుకుంటుంది. ఇక్కడ పిల్లలు ఎలా పెరుగుతారో మీకంటే నాకు బాగా తెలుసు."

"నాకు ఈ పిల్ల ఎరుక," అంది ఆమె.

నా బిడ్డ గురించి నాతో అన్న మాట ఇది.

మర్నాడు పొద్దున పిల్ల ఉత్సాహంగా మొదటి గీత తుడిచింది. సాయంత్రానికి ఏం తోచిందో గానీ, ఆమె సామాను సర్దుకుంటున్న పెట్టెలోకి ఎక్కి బట్టల మీద కూచుంది. దిగమంటే దిగదు. పెరుగన్నం కలిపి తెస్తే మూతి తిప్పుకుంది. నేను మెడ మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉందనిపించింది. అత్తమ్మ చూసి లేదంది. మావారిని చూడమన్నాను.

"మంచిగనే ఉన్నది. నువ్వు ఊకె పరేషాన్ కాకు," అన్నారాయన. "నాలుగు దినాల ముచ్చట. జర ఓపిక పట్టు."

"నాలుగు రోజులు గీతలు తుడిపిస్తూ పిల్లను ఏడిపిస్తుందా? మీరైనా చెప్పండి."

"ఆమె మనింటి అతిథి. పోయేటప్పుడు లొల్లి ఎందుకు?"

ఇంట్లో అందరికీ ఆమె అతిథి, బిడ్డ, చెల్లె. నేనొక్కదాన్నే లొల్లిదాన్ని.

మూడో రోజు అత్తమ్మ సకినాలకు పిండి తడిపింది. "ఆడిబిడ్డ పోతుంటె వట్టి చేతులతోని తోలుతరానె?" అంటూ నన్ను పొయ్యి ముందు కూచోబెట్టింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నూనె ముందే కూచున్నాను. ఎవరి కోసం కాలుస్తున్నానో తలుచుకున్నప్పుడల్లా జల్లిగంటె గట్టిగా మోగుతోంది. ఆమె పక్కనే పీట వేసుకుని అత్తమ్మ పిండి చుట్టే తీరు చూస్తూ, వేళ్ల కదలికకు కూడా ఏదో పేరు అడిగి రాసుకుంటోంది. అటువైపు పిల్ల మళ్లీ పెట్టెలోకి ఎక్కి, ఈసారి మూత లాక్కుని మీద వేసుకోబోయింది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"నీ పాడుగాను, లెవ్వే ఆడికెల్లి! మూత మీద వడ్తె చస్తవు! నువ్వు గూడ పోతవా గా పెట్టెల పండుకొని?"

పిల్ల బిక్కచచ్చి దిగింది. పక్కన చూద్దును కదా, ఆమె ముఖం వెలిగిపోతోంది. కాగితం ముక్క తీసి పెన్సిలు అందుకుంది.

"మల్ల చెప్పు, వదినె! ఎనిమిది నెలల సంది నువ్వు ఇట్ల ఒక్కపారి గూడ మాట్లాడలే. నీ నోట్లె గూడ ఉన్నది గద!"

"మీ డబ్బాలో వేసి మూత పెట్టుకోవడానికి నేనేమన్నా చచ్చిన పురుగునా?" అన్నాను.

పెన్సిలు ఆగింది. ఆమె తెల్ల ముఖం చెవుల దాకా ఎర్రబడింది. అత్తమ్మ పిండి ముద్ద పట్టుకుని నన్నే చూస్తోంది.

"గదేం మాటనే? ఇంటికి వచ్చినోళ్లను గట్లంటరా?"

"నన్ను ఇంట్ల ఎవ్వలన్న మనిషి లెక్క చూస్తున్నరా?" అన్నాను. నా నోటి నుంచి అదీ ఆ భాషలోనే వచ్చింది. ఆమె రాసుకోలేదు.

నాలుగో రోజు నాకు అనుకోని చోట నుంచి బలం దొరికింది. పిల్ల గీత తుడవనని మొండికేసింది. ఆమె దాని చెయ్యి పట్టుకుని మెల్లగా తుడిపిస్తుంటే వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తమ్మ అది చూసి తట్టుకోలేకపోయింది.

"బిడ్డా, గీ ముచ్చటల మాత్రం కోడలు చెప్పిందే ఖరారు. పసిపిల్లకు గివన్ని ఎందుకు? అది ఆడుకుంటుండంగ నువ్వు ఎనుక తలుపుకెల్లి పో."

"అవ్వా, నువ్వు గూడనా?"

"మా అయ్యలు తాతల నాటి సంది గంతే."

ఆమె మా ముగ్గురి వైపూ చూసింది. మావారు చెప్పులు వేసుకుంటున్నట్టు వంగిపోయారు.

"నేను పిల్లకు మాటిచ్చిన," అంది చివరికి. "ఆఖరి గీత అదే తుడవాలె. తుడిచినంక నేను దానికి చెప్పి పోత. ఇది ఒక్కటే అడుగుతున్న, వదినె."

"సరే," అన్నాను.

ఆ ఒక్క మాట ఎంత సులువుగా వచ్చిందో నాకిప్పటికీ గుర్తుంది. అప్పటికే మనసులో అంతా నిశ్చయం చేసుకున్నాను.

పెద్దపల్లి బస్సు ఎనిమిదింటికి. అక్కడ రైలెక్కి హైదరాబాదు చేరి, అక్కడ మూడు రోజులు ఉండి, నాలుగో రోజు రాత్రి విమానం ఎక్కాలి. పొద్దున ఆమె చివరిసారి అత్తమ్మతో గోదావరికి స్నానానికి పోయింది. మా ఇల్లు ఊరికి గోదావరి వైపు చివర ఉంది. వచ్చినప్పటి నుంచీ ఆమెకు అది నిత్యం. తడిజుట్టుతో తిరిగి వచ్చి పిల్ల చేతిలో ఒక నున్నటి గులకరాయి పెట్టేది. వాళ్లు అటు పోగానే, నిద్రపోతున్న పిల్లను బొంతతో సహా ఎత్తుకుని, రెండు సందుల అవతల మావారితో పనిచేసే పంతులుగారి ఇంటికి పోయాను. ఆయన భార్యకు విషయం చెప్పి లోపలి గదిలో కూచున్నాను.

పిల్ల లేచింది. బెల్లం పెట్టాను. వాళ్ల దూడను చూపించాను. ఎంతసేపు గడిచిందో తెలియదు, సందు మొదట్లోంచి గొంతు వినిపించింది.

"వదినె!"

నేను పిల్ల చేతికి ఇంకో బెల్లం ముక్క ఇచ్చాను.

"వదినె! పిల్లను ఒక్కపారి చూపెట్టు! బస్సు నిలవడ్డది!"

ఆమె ఒక్కొక్క ఇంటి ముందూ ఆగి పిలుస్తోంది. వీధంతా వింటోంది. బస్సు హారను కొడుతూనే ఉంది. ఆ బస్సు కండక్టరు మావారి పాత విద్యార్థి, అందుకని ఆపి ఉంటాడు. పంతులుగారి భార్య తలుపు దగ్గర నిలబడి గొళ్లెం మీద చెయ్యి వేసింది.

"ఒక్కపారి చూపెడ్తె ఏమైతదమ్మా? పాపం, పరాయి దేశపుది. మల్ల వస్తదా ఏమన్ననా?"

"రేపు నా బిడ్డకు జ్వరమొస్తె మీరు చూస్తరా?" అన్నాను.

ఆవిడ చెయ్యి తీసేసింది. నా ఒళ్లో పిల్ల బెల్లం నములుతూ తలెత్తి, "అత్త," అంది. "అవును, అత్త పిలుస్తోంది, తర్వాత పోదాం," అని దాని తల నా భుజానికి నొక్కుకున్నాను. ఇంకో రెండుసార్లు హారను మోగింది. ఆ తర్వాత బస్సు కదిలిన చప్పుడు.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గడప మీద కూచుని ఉంది. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నా వైపు చూడకుండానే చెప్పింది.

"తలుపుకాడ నిలవడ్డది. నువ్వే తుడిచి పో బిడ్డా అన్న. తుడవలే. అది నాది గాదు, పిల్లది అన్నది."

అయిదో గీత తలుపు మీద అలాగే ఉంది. పిల్ల లోపలికి ఉరికి గది గది తిరిగి వచ్చింది.

"అత్త ఏది?"

"గోదావరికి పోయింది, స్నానానికి," అన్నాను. "వస్తది."

ముందుగా అనుకున్న మాట కాదు. రోజూ నిజంగా జరిగేదే కాబట్టి అలవాటుగా వచ్చేసింది. పిల్ల సరేనని ఆడుకోవడానికి పోయింది. ఆ పూట నేను కలిపిన అన్నం నా చేత్తోనే తిన్నది. మెడ చల్లగా ఉంది. గెలిచాననుకున్నాను. అయిదు రోజుల గీతలూ ఏడుపులూ అక్కర్లేకుండా, ఒక బెల్లం ముక్కతో పని జరిగిపోయిందని మావారితో గొప్పగా చెప్పాను కూడా.

సాయంత్రం మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. మర్నాడు పొద్దున లేస్తూనే పోయి గడప మీద గోదావరి బాట వైపు ముఖం పెట్టి కూచుంది. చలిగా ఉంది, లోపలికి రమ్మంటే రాదు. అన్నం అక్కడికే తీసుకుపోయి పెట్టాను. రెండు ముద్దలు తిని, "అత్త ఇంక రాలే," అంది. తలుపు మీద గీత తుడుస్తావా అని అడిగాను, మరిపించడానికి.

"అత్త వచ్చినంక."

రెండు రోజులు అలాగే గడిచాయి. వెతుక్కుని ఊరుకుంటుందని నేనన్నాను కదా. ఊరుకోవడానికి దానికి దారి ఎక్కడుంది? వస్తుందని చెప్పింది తల్లి. వచ్చే బాట ఎదురుగా కనిపిస్తూనే ఉంది. అది వెతకడం లేదు, ఎదురు చూస్తోంది. ఆ తేడా నాకు ఆ గడప దగ్గర నిలబడినప్పుడు కూడా తట్టలేదు.

మూడో రోజు మధ్యాహ్నం. మావారు బడిలో ఉన్నారు. అత్తమ్మ ఎండలో చాప వేసుకుని కునుకు తీస్తోంది. నేను పప్పు ఎసట్లో వేసి గడప వైపు చూస్తే పిల్ల లేదు.

ముందు పెరట్లో బావి దగ్గరికి ఉరికాను. బావిలోకి వంగి చూశాను. నా ముఖమే కనిపించింది. గదులు చూశాను, మంచాల కింద చూశాను. ఖాళీగా ఉన్న ముందు గదిలో ఆమె పెట్టె ఉండే చోట కూడా చూశాను. అత్తమ్మ లేచి "ఏమైందే, ఏమైందే" అంటూ నా వెనకే తిరుగుతోంది. అప్పుడు గడప ఎదురుగా ఉన్న బాట చూశాను.

చెప్పులు లేకుండా, కొంగు జారిపోతుంటే పట్టుకుని ఆ బాట మీద ఉరికాను. సగం దూరంలో బట్టలుతికే ఆమె ఒకతె ఎదురొచ్చింది. గాడిద ముందు నడుస్తోంది, నా బిడ్డ ఆమె చంకలో ఉంది. గౌను నడుము దాకా తడిసి ఇసుక అంటుకుని ఉంది.

"ఎవల పొల్ల ఇది? నీదేనా?"

నేను చేతులు చాచాను. ఆమె వెంటనే ఇవ్వలేదు.

"నీళ్లల్ల దిగిందమ్మా! ఇంకో పది అడుగులు పోతె మడుగే. నేను బట్టలు ఆరేసుకుంట చూసిన గాబట్టి సరిపోయింది. ఏడికి పోతున్నవే అంటె, అత్త తానం జేస్తున్నది, మా అమ్మ చెప్పింది అన్నది. ఆడ ఏ అత్త ఉన్నది? నేను, నా గాడిదలు తప్ప ఎవ్వలు లేరు."

నేను చాచిన చేతులు దించలేదు.

"గా దొరసాని గురించేనా? ఆమె పోయె గద మొన్ననే, బస్సుల. గింత పొల్లకు గట్ల చెప్తరా? సదువుకున్నదానివి అంటరు మల్ల."

అప్పుడు నా చేతికిచ్చింది. పిల్ల పిడికిలి మూసుకుని ఉంది. విప్పి చూస్తే గులకరాయి. తనే ఏరుకుంది.

బడి నుంచి పరుగున వచ్చిన మావారు పిల్లను చూసి, గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడిపోయారు. అత్తమ్మ పిల్ల కాళ్లకు పసుపు రాసింది, ఉప్పు తిప్పేసింది. నన్నొక్క మాట అనలేదు. అంటే తనకూ తగులుతుందని ఆమెకు తెలుసు.

"ఆమె ఇంక పట్నంలనే ఉన్నది. రేపు రాత్రికి గద ఇమానం," అన్నారు మావారు. "ఒక టెలిగ్రాం ఇస్త. వీలైతె రేపు పిల్లను తీస్కపోయి..."

"ఏమని ఇస్తరు? నువ్వు చెప్పిందే అయింది, నా పెండ్లాం చెప్పిన అబద్ధానికి పిల్ల గోదాట్ల పడబోయింది అనా?"

ఆయన చొక్కా వేసుకున్నవారు మళ్లీ విప్పేశారు. ఆ టెలిగ్రాం పంపనివ్వనందుకు ఆయన నా మీద నెల రోజులు ముభావంగా ఉన్నారు.

పిల్లకు పొడి గౌను వేసి, తలుపు ముందు కూచోబెట్టి నేనూ కూచున్నాను. ఎలా చెప్పాలో నాకు మాటలు దొరకలేదు. నాకు తెలిసిన పుస్తకం మాటలు దేనికీ పనికిరాలేదు. చివరికి నా నోటికి వచ్చినవి ఆమె మాటలే, ఆమె చెప్పిన వరసలోనే.

"అత్త బస్సెక్కి పోయింది. రైలెక్కి పోయింది. ఇమానమెక్కి పోతది. మల్ల రాదు."

పిల్ల నా నోటి వైపే చూసింది. ఈసారి ఆఖరి మాట తిరిగి చెప్పలేదు.

"గోదాట్ల లేదా?"

"లేదు. అమ్మ అబద్ధం చెప్పింది."

నన్ను కొట్టింది. రెండు చేతులతో, ముఖం మీద, గులకరాయి ఉన్న పిడికిలితో. కొట్టనిచ్చాను. అరిచి అరిచి గొంతు రాచుకుపోయే దాకా ఏడ్చి, నా ఒళ్లో కాదు, చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. దీపాలు పెట్టే వేళకు ఒళ్లు కాలింది. నేను ఇన్నాళ్లూ భయపడ్డ జ్వరం అదే. అరవలేదు. బొంత తీసేశాను, గౌను విప్పాను, గుడ్డ తడిపి ఆమె ఎలా తుడిచిందో అలాగే, మెడ నుంచి కిందికి, చంకల్లో, మోకాళ్ల వెనక తుడిచాను. చెయ్యి చేసే పని చేస్తూనే ఉంది, లోపల మాత్రం ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను. పిల్ల కాళ్లూ చేతులూ కొట్టుకోలేదు. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది.

నేను పొయ్యి వెలిగించి వచ్చేసరికి తలుపు మీద అయిదో గీత లేదు. నేను చూడలేదు, అత్తమ్మ చూడలేదు. పిల్ల అరచెయ్యి, గౌను ముందు భాగం తెల్లగా ఉన్నాయి. ఆకలి అంది.

ఉగాది దాటాక జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది. అచ్చు గుద్దినట్టున్న అక్షరాలతో, మొత్తం అత్తమ్మ భాషలో రాసింది. అత్తమ్మ నాతో రెండుసార్లు చదివించుకుంది. "అవ్వా, నీ సకినాలు ఇమానంలనే ఒడిసినయి. అన్న మంచిగున్నడా? పిల్ల నన్ను దేవులాడిందా?" కింద నాకు విడిగా రెండు వాక్యాలు ఉన్నాయి. అవి అత్తమ్మకు చదివి వినిపించకుండా దాటేశాను. "వదినె, పిల్లను చూడనియ్యలేదని నాకు నీ మీద ఇంక కోపం ఉన్నది. జ్వరమొస్తె తడిగుడ్డ మరువకు."

"జవాబు రాసినవా?" అని అత్తమ్మ వారానికోసారి అడుగుతుంది. రాస్తున్న అంటాను. పిల్ల పడుకున్నాక కాగితం ముందు పెట్టుకుంటాను. కుశలం అడిగే వాక్యం పుస్తకాల భాషలో మొదలుపెట్టి కొట్టేస్తాను. ఆమె అడిగిన దానికి జవాబు ఒక్క మాటే. దేవులాడింది. ఆ మాట రాస్తే ఎక్కడ దేవులాడిందో కూడా రాయాలి. ఎవరు పంపితే పోయిందో రాయాలి.

పోయిన వారం మాత్రం ఒక వాక్యం కొట్టెయ్యకుండా మిగిలింది. "నాక్కూడ నీ మీద ఇంక కోపం పోలే." అది ఏ భాషలో రాశానో రాశాక చూసుకున్నాను. కొట్టెయ్యలేదు. దాని కింద జాగా వదిలిపెట్టాను.